టీకా రోజున తల్లిని కూడా అడగండి



బుధవారమో శనివారమో మీ దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి చూడండి. టీకాల గది ముందు బెంచీ మీద తల్లులు వరసగా కూర్చుని ఉంటారు. తలకు గుడ్డ, చెవుల్లో దూది, ఒళ్ళో నెలన్నర బిడ్డ. పక్కన వాళ్ళమ్మో అత్తో ఉంటుంది. బిడ్డను తూకం వేస్తారు, తొడకు సూది వేస్తారు, కార్డులో రాస్తారు, జ్వరం వస్తే ఎన్ని చుక్కలు పట్టాలో చెబుతారు. అయిదు నిమిషాల్లో పని అయిపోతుంది. ఆ బిడ్డను కని నలభై రోజులైన మనిషి అక్కడే ఎదురుగా ఉంటుంది. "నీకెలా ఉందమ్మా? మైల ఆగిందా? కింద మంటా నొప్పీ ఏమైనా ఉన్నాయా?" అని అడిగేవాళ్ళు మాత్రం అరుదు. ఎవరైనా అడిగినా "బాగానే ఉందండీ" అని పక్కనున్న పెద్దావిడే జవాబు చెప్పేస్తుంది. అమ్మాయి తల వంచుకుని బిడ్డ గుడ్డలు సర్దుకుంటూ ఉంటుంది.

ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ అడగని ప్రశ్న గురించే. కాన్పు తరవాత ఆడవాళ్ళకు సోకే సుఖవ్యాధుల గురించి. ఆ మాట వినగానే కొన్ని ఇళ్ళలో రేడియో గొంతు తగ్గుతుందని నాకు తెలుసు. తగ్గించుకోండి, పరవాలేదు. కట్టెయ్యకండి.

కడుపుతో ఉన్నప్పుడు మన ఆడపిల్లల మీద శ్రద్ధకు కొదవ లేదు. పేరు నమోదు చేసిన వెంటనే రక్తం తీస్తారు. హెచ్‌ఐవి, సిఫిలిస్‌, హెపటైటిస్‌-బి, మూడూ చూస్తారు. పెద్దవాళ్ళు సవాయి అనేది ఈ సిఫిలిస్‌నే. చాలామందికి ఈ పరీక్షలు మూడో నెలలోనో నాలుగో నెలలోనో ఒక్కసారే జరుగుతాయి. 'నెగెటివ్‌' అని కార్డులోకి ఎక్కుతుంది. నిజానికి ఆ మాట ఆ రోజు వరకే చెల్లుతుంది. ఆ తరవాత ఇంకో అయిదారు నెలల గర్భం ఉంది, కాన్పు ఉంది, మళ్ళీ మొదలయ్యే కాపురం ఉంది. వీటన్నిటికీ ఆ పాత కాగితమే హామీ అని ఇంటిల్లిపాదీ నమ్ముతారు. నా మటుకు నాకు మన బాలింతల సంరక్షణలో పెద్ద లోపం ఇదే అనిపిస్తుంది.

మన ఆనవాయితీని కూడా ఒకసారి గుర్తు చేసుకోండి. తొలి కాన్పుకు అమ్మాయిని పుట్టింటికి తీసుకొస్తారు. పురుడయ్యాక మూడో నెలలోనో అయిదో నెలలోనో చలిమిడీ సారె పెట్టి బిడ్డతో సహా అత్తింటికి పంపుతారు. అంటే కొన్ని నెలలు ఆలుమగలు విడివిడిగా ఉంటారు. భర్త గల్ఫ్‌లోనో చెన్నైలోనో పనిలో ఉంటే ఆ ఎడబాటు ఇంకా పెరుగుతుంది. మగవాళ్ళందరినీ అనుమానించమని నేను చెప్పడం లేదు. పుట్టింట్లో ఉండి కోలుకోవడం బాలింతకు మంచిదే, ఆ ఆనవాయితీ మీద నాకు ఫిర్యాదు లేదు. కాకపోతే అంత ఎడబాటు తరవాత కాపురం మళ్ళీ మొదలయ్యే సమయానికి ఆమె ఒళ్ళు ఇంకా పూర్తిగా కుదుటపడి ఉండదు.

ఎందుకుండదో చెబుతాను. కాన్పులో మాయ పడిపోయాక, అది అంటుకుని ఉన్న చోట గర్భసంచి లోపల అరచేయంత వెడల్పున పుండు మిగులుతుంది. అది మానడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది. ఆ మానే క్రమంలో పోయేదే మైల. మొదటి మూడు నాలుగు రోజులు ఎర్రగా ఉంటుంది, తరవాత గులాబీ, గోధుమ రంగులకు తిరుగుతుంది, రెండు వారాలకు పసుపు కలిసిన తెలుపవుతుంది. మామూలు రోజుల్లో గర్భసంచి ముఖద్వారం బిగుతుగా మూసుకుని, కింది క్రిములు పైకి పాకకుండా అడ్డుకుంటుంది. కాన్పుకు తెరుచుకున్న ఆ ద్వారం మళ్ళీ దగ్గరపడటానికి కొన్నాళ్ళు కావాలి. కింద కోత కోసి కుట్లు వేసి ఉంటే అది ఇంకో పచ్చి గాయం.

ఇక పాలిచ్చే తల్లికి ఈస్ట్రోజెన్‌ అనే హార్మోను బాగా తగ్గి ఉంటుంది. దాంతో యోని లోపలి పొర పల్చబడుతుంది, తడి ఆరిపోతుంది. కలయికలో మంట పుడుతుంది, కంటికి ఆనని గీతలు పడతాయి. యోనిలో పులుపును నిలిపి చెడ్డ క్రిముల్ని అణచిపెట్టే మేలు బాక్టీరియా కూడా కాన్పు తరవాత కొన్ని నెలల పాటు తగ్గే ఉంటుంది. క్రిమి లోపలికి రావడానికి ఇన్ని దారులు ఒకేసారి తెరిచి ఉండటం ఆడదాని జీవితంలో ఇంకెప్పుడూ జరగదేమో.

ఆఫ్రికా దేశాల్లో, దంపతుల్లో ఒకరికి హెచ్‌ఐవి ఉండి ఒకరికి లేని జంటల వివరాలు పరిశీలించిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. గర్భం లేని రోజులతో పోలిస్తే, కండోమ్‌ లేకుండా జరిగే ఒక్కో కలయికలో ఆడమనిషికి హెచ్‌ఐవి అంటే అవకాశం గర్భం చివరి నెలల్లో దాదాపు మూడింతలు, కాన్పయిన ఆరు నెలల్లో దాదాపు నాలుగింతలు ఉన్నట్టు అందులో తేలింది. ఆ దశలో సోకితే చిక్కు తల్లితో ఆగదు. హెచ్‌ఐవి కొత్తగా సోకిన తొలి వారాల్లో వైరస్‌ ఒంట్లో విపరీతంగా పెరుగుతుంది, పాలలోకీ దిగుతుంది. గర్భంతో ఉన్నప్పుడు చేసిన పరీక్షలో నెగెటివ్‌ వచ్చింది కదా అని ఎవరికీ అనుమానం రాదు. ఆమె నిశ్చింతగా పాలిస్తూనే ఉంటుంది.

హెచ్‌ఐవి పేరు అందరూ విన్నదే. అంతకంటే చాలా ఎక్కువగా సోకేవి, పేరు కూడా వినబడనివి ఉన్నాయి. క్లమిడియా, గనేరియా, ట్రైకోమొనాస్‌. ఊళ్ళలో సెగ రోగం అనేది గనేరియానే. వీటికి సిఫిలిస్‌ను కలిపితే 2020 సంవత్సరంలో ప్రపంచం మొత్తం మీద 37 కోట్ల 40 లక్షల కొత్త కేసులని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. నాలుగూ మందులతో పూర్తిగా నయమయ్యేవే. అయినా ఇన్ని ఎందుకున్నాయంటే, ఇవి చప్పుడు చెయ్యవు. క్లమిడియా సోకిన ఆడవాళ్ళలో ఎక్కువమందికి ఏ లక్షణమూ కనిపించదు.

కనిపించినప్పుడైనా మనం దాన్ని గుర్తుపడతామా? కాన్పయిన రెండు మూడు వారాల తరవాత పొత్తికడుపులో సన్నని నొప్పి మొదలవుతుంది. సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడుతుంది. ఆగిపోయిన ఎర్రమైల మళ్ళీ కనిపిస్తుంది. ఇంట్లో వెంటనే విచారణ మొదలవుతుంది. చన్నీళ్ళలో చెయ్యి పెట్టిందా? పథ్యం తప్పి పెరుగేసుకుందా? ఫ్యాను కింద పడుకుందా? వాతం చేసిందని తేల్చి ఇంకాస్త కాయం తినిపిస్తారు. కాయం తింటే తప్పేమీ లేదు. కానీ ఆ నొప్పి గర్భసంచిలో క్లమిడియా పైకి పాకుతున్న సూచన కావచ్చు. అది అండవాహికల దాకా వెళితే అక్కడ మచ్చ కట్టి గొట్టాలు మూసుకుపోతాయి. మూడేళ్ళ తరవాత రెండో బిడ్డ కోసం ఆసుపత్రుల చుట్టూ తిరిగేటప్పుడు ఆ పాత నొప్పి ఎవరికీ గుర్తు రాదు. కొందరికి గర్భం సంచిలో కాక గొట్టంలో నిలుస్తుంది, అది ప్రాణం మీదికే తెస్తుంది.

ఇక్కడ మన రాష్ట్రం సంగతి ఒకటి చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పునరుత్పత్తి వయసులో ఉన్న వివాహితల్లో దాదాపు 70 శాతం మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌ చేయించుకున్నవాళ్ళే. కండోమ్‌ మీద ఆధారపడే జంటలు నూటికి ఒకటి కూడా లేవు. రెండో కాన్పు, వెంటనే ఆపరేషన్‌, ఇక నిశ్చింత అనుకుంటారు. కండోమ్‌ అంటే పిల్లలు పుట్టకుండా వాడేదనే మన లెక్క. "ఆపరేషన్‌ అయిపోయిందిగా, ఇక అదెందుకండీ" అని ఆశ్చర్యపోతారు. ఆపరేషన్‌ గర్భాన్ని ఆపుతుంది, సెగనూ సవాయినీ ఆపదు. కాన్పయిన నలభై ఎనిమిది గంటల్లో వేసే కాపర్‌-టీ కూడా అంతే. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళకే ఆపరేషన్‌ అయిపోయిన ఆడమనిషికి ఇంకా పాతికేళ్ళ కాపురం ఉంటుంది. ఈ సంగతి ఆపరేషన్‌ బల్ల మీదికి ఎక్కించే ముందే ఆమెకు, ఆమె భర్తకు చెప్పవలసిన బాధ్యత మా డాక్టర్లది. చెబుతున్నామా అంటే, చాలాచోట్ల లేదనే నేనంటాను.

ఇంతసేపూ భయపెట్టాను కాబట్టి కాస్త నెమ్మది చెప్పే మాట కూడా అనాలి. కాన్పు తరవాత తెల్లబట్ట అవుతున్నదంటే అది సుఖవ్యాధే అనుకోనక్కర్లేదు. పెరుగు విరిగినట్టు తెల్లగా పడుతూ దురద పెడితే అది ఎక్కువగా ఫంగస్‌. కాన్పులో వాడిన యాంటీబయాటిక్‌ల వల్లా, షుగరు ఉన్నవాళ్ళకూ వస్తుంది. బూడిద రంగులో పల్చగా, చేపల నీచు వాసనతో పోతుంటే, లోపలి బాక్టీరియా సమతూకం చెడిందని అర్థం. ఈ రెండింటికీ భర్త నడవడికతో ముడిపెట్టి ఇంట్లో రభస పెట్టుకోవద్దు. పసుపుపచ్చగా, ఆకుపచ్చగా, నురగలాగా పోవడం, మూత్రం పోసేటప్పుడు మంట, కలయికలో పొత్తికడుపు లోతున నొప్పి, కలిసిన తరవాత రక్తం, మర్మాంగం దగ్గర పుండు, నీటి పొక్కులు, గజ్జల్లో బిళ్ళ కట్టడం, వీటిలో ఏది ఉన్నా పరీక్ష చేయించుకోండి. సవాయి పుండు నొప్పి పెట్టదు, దానంతటదే మానిపోతుంది కూడా. పుండు మానినా రోగం ఒంట్లోనే ఉంటుంది. నొప్పి లేదు కదా అని ఊరుకోకండి.

కాన్పయిన మొదటి పది పదిహేను రోజుల్లో చలితో జ్వరం, కుళ్ళు వాసన వేసే మైల, కడుపు పట్టుకోనివ్వని నొప్పి ఉంటే అది వేరే సంగతి. అప్పుడు సుఖవ్యాధా కాదా అని ఆలోచిస్తూ కూర్చోకండి, 108కి ఫోన్‌ చెయ్యండి.

తల్లి దాచుకున్నది ఒక్కోసారి బిడ్డ కళ్ళు చెబుతాయి. గనేరియా ఉన్న తల్లికి మామూలు కాన్పయితే, పుట్టిన రెండు నుంచి అయిదు రోజుల్లో బిడ్డ రెప్పలు ఉబ్బి, చిక్కటి చీము కారుతుంది. క్లమిడియా అయితే ఇంకాస్త ఆలస్యంగా, అయిదో రోజు తరవాత రెండు వారాల లోపు కనిపిస్తుంది. ఒకప్పుడు యూరప్‌లో పసిపిల్లల గుడ్డితనానికి ఈ కళ్ళ జబ్బు ఒక పెద్ద కారణం. 1880 ప్రాంతంలో జర్మనీలోని లైప్‌జిగ్‌ ప్రసూతి ఆసుపత్రిలో కార్ల్‌ క్రెడే అనే వైద్యుడు పుట్టిన ప్రతి బిడ్డ కంట్లో సిల్వర్‌ నైట్రేట్‌ చుక్క వెయ్యడం మొదలుపెట్టాడు. అంతకు ముందు నూటికి పదిమంది పిల్లలకు వచ్చే కళ్ళ జబ్బు నూటికి ఒక్కరి కంటే తక్కువకు దిగింది. మన ఇళ్ళలో బిడ్డ కళ్ళు పుసి కడితే చనుబాల చుక్క వేస్తారు, కాటుక పెడతారు. చీము కారే కంటికి చనుబాలు వైద్యం కాదు, కాటుక పెడితే ఇంకా చేటు. గనేరియా ఒకటి రెండు రోజుల్లోనే నల్లగుడ్డు మీది పొరను తినేస్తుంది. ఆ పూటకా పూటే బిడ్డను డాక్టరుకు చూపించాలి. ఇంకో మాట. బిడ్డ కంట్లో ఆ క్రిమి దొరికిందంటే అది తల్లి దగ్గర నుంచి వచ్చిందే. తల్లికీ తండ్రికీ వైద్యం చెయ్యకుండా బిడ్డ కళ్ళకు మాత్రమే మందు వేసి పంపడం సగం వైద్యం.

ఎక్కడికి వెళ్ళాలి? జిల్లా ఆసుపత్రుల్లోనూ బోధనాసుపత్రుల్లోనూ 'సురక్ష క్లినిక్‌' అని రాసిన గది ఉంటుంది. సుఖవ్యాధులకు, పునరుత్పత్తి మార్గపు ఇన్ఫెక్షన్లకు ప్రభుత్వం పెట్టినదే అది. అక్కడ పరీక్షకూ మందులకూ డబ్బు తీసుకోరు. లక్షణాలను బట్టి మందులు రంగురంగుల పొట్లాల్లో సిద్ధంగా ఉంటాయి. తెల్లబట్టకు ఆకుపచ్చ పొట్లం, గర్భసంచి ముఖద్వారం వాపుకు బూడిద రంగుది, పొత్తికడుపు నొప్పికి పసుపుది. చాలా వాటికి ఒక్క మోతాదుతో సరిపోతుంది. తొలి దశలో ఉన్న సిఫిలిస్‌కైతే 24 లక్షల యూనిట్ల బెంజథీన్‌ పెన్సిలిన్‌ సూది ఒక్కసారి వేస్తే చాలు. వందేళ్ళ కిందట మనుషుల్ని పిచ్చివాళ్ళను చేసిన రోగం ఈనాడు ఒక్క సూదికి లొంగుతున్నది. హెచ్‌ఐవి పరీక్ష మీ అనుమతి లేకుండా ఎవరూ చెయ్యకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. 2017లో పార్లమెంటు చేసిన చట్టం ఆ మాట స్పష్టంగా చెబుతున్నది.

భర్తల గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. భార్యకు మందు ఇప్పించి, తను మాత్రం "నాకేం లేదు, నేను బాగానే ఉన్నాను" అని బయట స్కూటరు మీద కూర్చునే మగవాళ్ళు చాలామంది ఉన్నారు. మంచం పంచుకునే ఇద్దరిలో ఒక్క తలకే పేల మందు రాసినట్టుంటుంది ఆ వైద్యం. ఆమెకు తగ్గుతుంది, నెల తిరక్కుండా మళ్ళీ అంటుతుంది. ఇద్దరూ ఒకేసారి మందు తీసుకోవాలి, తీసుకున్నాక కనీసం వారం రోజులు దూరంగా ఉండాలి. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందన్న పంచాయితీ పెట్టుకుంటే తేలేది తక్కువ. క్లమిడియా లాంటివి నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా ఒంట్లో నిద్రాణంగా ఉండగలవు. పెళ్ళికి ముందు ఎవరికో సోకినది ఇప్పుడు బయటపడి ఉండవచ్చు.

పాలిచ్చే తల్లి మందులు వాడితే బిడ్డకు చేటని పాలు మాన్పించేవాళ్ళున్నారు. ఈ జబ్బులకు వాడే మందుల్లో చాలావరకు పాలిస్తూనే తీసుకోవచ్చు. "నేను పాలిస్తున్నానండీ" అని డాక్టరుకు ముందే ఒక్కమాట చెప్పండి, తగిన మందు వాళ్ళే చూసి ఇస్తారు. రొమ్ము మీద సిఫిలిస్‌ పుండో హెర్పిస్‌ పొక్కులో ఉంటే మాత్రం డాక్టరు సలహా తీసుకునేదాకా ఆ వైపు పాలు ఇవ్వకూడదు. హెచ్‌ఐవి ఉన్న తల్లి రోజూ మందులు మింగుతూ, బిడ్డకు చెప్పిన సిరప్‌ పడుతూ, ఆరు నెలలు తన పాలే ఇవ్వవచ్చు. ఏ మందూ లేకపోతే తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవి సోకే అవకాశం నూటికి 15 నుంచి 45 దాకా ఉంటుంది. సరిగ్గా మందులు వాడితే అది అయిదు లోపుకు దిగుతుంది. అలాంటి బిడ్డకు తొలి రక్తపరీక్ష చేసేది కూడా ఆరో వారంలోనే, అంటే ఆ నెలన్నర టీకా రోజుల్లోనే.

ఇంట్లో చేసే పొరపాట్లు రెండు చెబుతాను. శుభ్రత పేరుతో డెట్టాలు నీళ్ళో, వేప నీళ్ళో యోని లోపలికి పోసి కడగడం ఒకటి. పైపైన మామూలు నీళ్ళతో కడుక్కుంటే చాలు. లోపల కడిగితే ఉన్న ఆ కాస్త మేలు బాక్టీరియా కూడా పోతుంది. రెండోది, పొడిబారి మంటగా ఉందని కొబ్బరినూనె రాసి ఆపైన కండోమ్‌ వాడటం. నూనె తగిలితే కండోమ్‌ రబ్బరు దెబ్బతిని చిరుగుతుంది. నీటితో తయారైన జెల్లీలు మందుల షాపుల్లో దొరుకుతాయి, అవి వాడండి. ఆరు వారాలు నిండి, కుట్లు మాని, మీకు మనసయ్యేదాకా కలయికకు తొందర పడవద్దు. తొందరపెట్టే హక్కు భర్తకు లేదు.

ఆశా కార్యకర్తలతో ఒక మాట. ఆసుపత్రిలో కాన్పయిన తల్లి దగ్గరికి మీరు మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజుల్లో, మొత్తం ఆరుసార్లు ఇంటికి వెళతారు. అంతగా ఆ పురిటి గదిలోకి వెళ్ళే ఆరోగ్య కార్యకర్త ఇంకెవరూ లేరు. అందులో ఒక్కసారైనా అమ్మమ్మను బిడ్డకు నీళ్ళు కాచమని పంపి, రెండు నిమిషాలు ఆ అమ్మాయితో ఒంటరిగా మాట్లాడండి. తల్లి ఎదురుగా చెప్పలేనిది మీకు చెబుతుంది.

అమ్మమ్మలూ, మీ మనుమడికి టీకా వేయించేటప్పుడు మీ కూతురి తరఫున జవాబు చెప్పకండి. ఆమెనే చెప్పనివ్వండి.

అమ్మా, నువ్వు బిడ్డనెత్తుకుని ఆ కేంద్రానికి నెలన్నరకు, రెండున్నర నెలలకు, మూడున్నర నెలలకు ఎలాగూ మూడుసార్లు వెళ్ళాలి. బిడ్డ కార్డులో రాయించుకున్నాక అక్కడి నర్సమ్మను పక్కకు పిలిచి, నీకున్న బాధేదో చెప్పు. బాధేమీ లేకపోయినా, కాపురానికి వెళ్ళాక ఒకసారి హెచ్‌ఐవి, సిఫిలిస్‌ పరీక్షలు మళ్ళీ చెయ్యమని అడుగు, వీలైతే భర్తను కూడా తీసుకెళ్ళు. అడగడానికి మొహమాటంగా ఉంటే 1097కి ఫోన్‌ చెయ్యి. అది జాతీయ ఎయిడ్స్‌ నియంత్రణ సంస్థ వాళ్ళ హెల్ప్‌లైన్‌, ఫోనుకు డబ్బు పడదు, పేరు చెప్పనక్కర్లేదు.